పన్నెండు శాతం తేమ

వాతావరణ కేంద్రం క్వార్టర్,
మార్చి 4

బాబాయ్,

నీ పాత కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. దీని కుడిచెయ్యి ఊడొస్తుందని ముందే చెప్పొచ్చు కదా! చేరిన రోజే అందరి ముందూ కిందపడ్డాను.

అసలు సంగతికి వస్తా. కొంప మునిగేలా ఉంది. పెద్దసారు నుంచి మెమో వచ్చింది. నేను చేరి నెలయింది. మధ్యాహ్నం మూడింటికి పొడి బల్బు థర్మామీటర్లో ముప్పై డిగ్రీలు, తడి బల్బులో ఇరవై నాలుగు. పట్టికలో చూస్తే గాలిలో తేమ అరవై ఒక్క శాతం. అదే రాశాను. ఆయనేమో నీ ఇరవై తొమ్మిదేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని, ఈ కేంద్రంలో ఈ నెల సగటు డెబ్బై మూడు, మీకు పన్నెండు శాతం తేమ ఎక్కడికి పోయింది, సంజాయిషీ ఇవ్వండి అంటున్నాడు. నేనేదో తేమని సంచిలో పోసుకుని ఇంటికి పట్టుకుపోయినట్టు!

జులై ఆఖరుకి నా ఆరునెలల ట్రయలు అయిపోతుంది. అప్పటికి లెక్క కుదరకపోతే ఇంటికే. నాన్న అప్పుడే, ఏం పర్లేదమ్మా, మన షాపులో కాజాలు కుట్టే కుర్చీ ఖాళీగానే ఉంది అని రాశాడు. ఓదారుస్తున్నాడో భయపెడుతున్నాడో తెలియడం లేదు. పన్నెండేళ్ళ వయసు నుంచీ కాజాలే కుట్టాను బాబాయ్. ఇక నావల్ల కాదు. నాకీ ఉద్యోగం కావాలి.

నా తప్పెక్కడో నువ్వే చెప్పాలి. పిన్నిని అడిగానని చెప్పు.

మీ పిడుగు


మా ఇల్లు, రెండో అంతస్తు,
మార్చి 11

చిరంజీవి పిడుగుకి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వంశంలో పుట్టి తడి బల్బు చదవడం రాకపోవడమా? అయినా నేను బతికుండగా నీకు భయమెందుకు?

మొదటినుంచీ చెబుతాను, విను. ముఖం కడుక్కుని తుడుచుకోకుండా ఫ్యాను కింద నిలబడితే చల్లగా ఉంటుందా లేదా? తడి బల్బు సంగతీ అంతే. దానికి చుట్టిన గుడ్డ గిన్నెలోంచి నీళ్ళు పీలుస్తుంది, ఆ నీళ్ళు ఆవిరవుతాయి, బల్బు చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరి, అంత చల్లదనం, రెండు బల్బులకీ మధ్య అంత తేడా. నీకు తేడా ఎక్కువ వస్తోంది. అంటే నువ్వేదో తేడా పని చేస్తున్నావు.

ఒకటి, బల్బులుండే పెట్టె తలుపు తీశాక ఊపిరి బిగబట్టు. నీ ఊపిరి తగిలిందా, ఆ లెక్క ఇక గాలిది కాదు, నువ్వు తిన్న ఉల్లిపాయది. రెండు, వంగి చూడకు, కన్నూ గీతా ఒకే ఎత్తులో ఉండాలి. నువ్వు పొట్టిదానివి, పీట వేసుకో. మూడు, కుళాయి నీళ్ళు పొయ్యకు, డిస్టిల్డ్ వాటర్ వాడు. నాలుగు, అతి ముఖ్యమైనది, భక్తి ఉండాలి. నేను ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా చెప్పులతో ఆ పెట్టె దగ్గరికి వెళ్ళలేదు. ప్రశంసాపత్రం ఊరికే ఇవ్వలేదు.

ఇట్లు,
మీ బాబాయి,
సీనియర్ పరిశీలకుడు (రిటైర్డ్), ప్రశంసాపత్ర గ్రహీత

పిన్ని రాయునది: వేళకి తింటున్నావా? ఆ బల్బు గుడ్డ వారానికోసారి మార్చు తల్లీ. నా హయాంలో శనివారం వచ్చిందంటే అన్ని పనులూ పక్కనపెట్టి ఆ గుడ్డ సంగతి చూసేదాన్ని. తనిఖీకి వచ్చినాయన, ఇంత శుభ్రమైన గుడ్డ ఏ కేంద్రంలోనూ చూడలేదమ్మా అని నా మొహం మీదే అన్నాడు.


వాతావరణ కేంద్రం క్వార్టర్,
ఏప్రిల్ 2

బాబాయ్,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పీట వేసుకున్నాను. చెప్పులు విప్పాను, కాళ్ళు కాలి బొబ్బలెక్కాయి. ఊపిరి బిగబట్టి పొడి బల్బు చదివి, తడి బల్బు చదివి, డిగ్రీలో పదో వంతు కూడా చదివేసరికి కళ్ళు బైర్లు కమ్మి పీట మీంచి దిగబోయి బోర్లాపడ్డాను. తోటమాలి పరుగున వచ్చి, అమ్మగారూ, ఉపవాసాలు చేస్తున్నారా అన్నాడు. మొన్నయితే సరిగ్గా తలుపు తీశాక తుమ్ము వచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆ పూట తడి బల్బుని చూడటానికి నాకే మొహం చెల్లలేదు, పావుగంట ఆగి చదివాను.

ఇంత చేసినా అరవై, అరవై ఒకటి. రెండో మెమో వచ్చింది. ఈసారి పెద్దసారు నీ గురించి ఒక పేరా రాశాడు: "మీ బాబాయిగారి చేతిలో శిష్యరికం చేసినవాణ్ణి. ఆయన లెక్క తప్పంటే నేను నమ్మను. మీరు చెయ్యి సరిచేసుకోండి."

బాబాయ్, నాకు ఒక్కటే అనుమానం మిగిలింది. నేను ఆఫీసువాళ్ళు పంపిన పల్చటి మస్లిన్ గుడ్డే చుడుతున్నాను, ఉతికి మరీ. నువ్వు ఏ గుడ్డ వాడేవాడివి?

మీ పిడుగు


మా ఇల్లు,
ఏప్రిల్ 9

పిడుగుకి,

గుడ్డ గుడ్డే. ఏ గుడ్డంటే ఏం చెప్పను? అడగాల్సినవి అడుగు. పీట ఎత్తు ఎంతో రాయలేదు. ఎండలో తిరక్కు.

మీ బాబాయి,
ప్రశంసాపత్ర గ్రహీత


వాతావరణ కేంద్రం క్వార్టర్,
మే 6

బాబాయ్,

పీట ఎత్తు జానెడు. ఇప్పుడు నువ్వు చెప్పు.

నిన్న బీరువా అడుగున ఒక రేకు డబ్బా దొరికింది. మూత మీద పిన్ని చేతిరాతతో "తడి బల్బు, శనివారం" అని ఉంది. తీశాను. లోపల పద్నాలుగు గుడ్డముక్కలు. అంచులు మడిచి కుట్టి ఉన్నాయి. ఇస్త్రీ చేసి ఉన్నాయి. ఒకటి తీసి నిలబెడితే నిలబడింది బాబాయ్! బల్ల మీద దానంతటది నిలబడింది. వంచితే ఫెళఫెళమంది. ఇది గుడ్డా, అట్టా?

తీసుకెళ్ళి బల్బుకి చుట్టాను. చుట్టడానికే వేళ్ళు నొప్పి పుట్టాయి. కింది కొస గిన్నెలో పెట్టాను. అరగంటకి కూడా పైదాకా సరిగ్గా తడవలేదు, అక్కడక్కడ చెమట పట్టినట్టు తడి. పొడి బల్బు ముప్పై. తడి బల్బు ఇరవై నాలుగు ఉండాల్సింది ఇరవై ఆరు దగ్గర ఆగిపోయింది. పట్టిక తీసి చూశాను. డెబ్బై మూడు. ఖచ్చితంగా నీ సగటు.

పన్నెండు శాతం తేమ నేను పోగొట్టింది కాదు బాబాయ్, అసలు ఎప్పుడూ లేనిదే.

నువ్వు నాకు పీటలు వేయిస్తున్నావు, చెప్పులు విప్పిస్తున్నావు. నిజం చెప్పు, నీకు ముందే తెలుసా?

మీ పిడుగు


కింద సెలూన్లో బెంచీ మీద,
మే 15

తల్లీ,

దీనికి జవాబు ఇంటికి రాయకు. సెలూన్ చిరునామాకి రాయి, ఇక్కడ మనిషి మంచివాడు. ఫోను అసలు చెయ్యకు. మా ఇంట్లో ఫోను ఎత్తేది మీ పిన్ని.

తెలుసు. రిటైరయ్యే ముందు ఏడేళ్ళ నుంచి తెలుసు.

మీ పిన్ని సంగతి నీకు తెలుసుగా, జేబురుమాలుకి కూడా గంజి పెట్టకుండా ఇవ్వదు. పెళ్ళైన కొత్తలో, ఆఫీసు గుడ్డ ఇలా వడిలిపోయి వేళ్ళాడుతుంటే బాగుంటుందా అని తడి బల్బు గుడ్డ కూడా తీసుకుని ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. నీటుగా ఉంది కదా అని కట్టాను. తర్వాత అదే అలవాటు. ఒకసారి వాళ్ళ చెల్లెలికి ఒంట్లో బాగాలేక ఇరవై రోజులు వెళ్ళింది. గుడ్డల డబ్బా ఎక్కడ పెట్టిందో తెలియక నేనే ఏదో గుడ్డ ఉతికి చుట్టాను. తేమ ఒక్కసారిగా పన్నెండు పడిపోయింది. ఆవిడ ఇంటికొచ్చింది, శనివారం గుడ్డ మార్చింది, తేమ మళ్ళీ పైకి లేచింది. ఆ రోజే నాకు సంగతి అర్థమైంది.

చెబుదామనే ఇంట్లోకి వెళ్ళాను. ఆవిడ ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని పక్కింటావిడతో, ఆయన ఉద్యోగంలో సగం పని నాదే వదినా అని చెప్పుకుంటోంది. ఆ మొహం చూసి వెనక్కి తిరిగొచ్చేశాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఏడేళ్ళు పోయాయి. ఇంకో ముచ్చట కూడా ఉంది. ఆ ఇరవై రోజుల మీద పెద్దసారు "అకస్మాత్తు పొడిగాలులు" అని పత్రికలో వ్యాసం రాశాడు. దానికే ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు ఆ పొడిగాలి మీ పిన్ని చెల్లెలి ఇంటికెళ్ళడమేనని ఎవరు చెబుతారు?

కాబట్టి నా మాట విను. దీంతో గంజిపొడి ప్యాకెట్టు పంపుతున్నాను. జులై ఆఖరు దాకా నువ్వూ గంజి పెట్టెయ్. ఉద్యోగం ఖాయమయ్యాక తీరిగ్గా ఉతుక్కో. ఎవరికీ నష్టం లేదు.

బాబాయి


వాతావరణ కేంద్రం క్వార్టర్,
జూన్ 20
(సెలూన్ ద్వారా)

బాబాయ్,

ప్యాకెట్టు అందింది. చెప్పులతో పెట్టె దగ్గరికి వెళ్ళకూడదన్న మనిషి గంజిపొడి పంపాడు!

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ గంజి కాచాను. ఒక గుడ్డ ముంచి, ఆరేసి, పెట్టె దాకా పట్టుకెళ్ళాను. నాన్న షాపు గుర్తొచ్చింది, చెయ్యి ముందుకెళ్ళింది కూడా. అప్పుడు తోటమాలి వచ్చి, అమ్మగారూ, మొక్కలకి ఈ పూట నీళ్ళు పెట్టనా, మీ పెట్టెలో గాలి తడిగా ఉందా, పొడిగా ఉందా అని అడిగాడు. రోజూ అడుగుతాడట, నువ్వున్నప్పుడు కూడా. నీ మాట విని నీళ్ళు పెట్టక ఎన్ని మొక్కలు ఎండిపోయాయో చెప్పి నవ్వాడు. పాపం, నీ మీద కోపం కూడా లేదు అతనికి. నావల్ల కాలేదు బాబాయ్. గుడ్డ తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాను.

మూడో మెమో వచ్చింది. జులై పదిహేనులోగా సంజాయిషీ. నా మాట ఆయన నమ్మడు, నీ మాటే నమ్ముతాడు. నువ్వు కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపాలి. పిన్నికి చెప్పి రాస్తావో, చెప్పకుండా రాస్తావో నీ ఇష్టం. రాయకపోతే మాత్రం ఆగస్టు ఒకటిన నేను కాజాలు కుడుతుంటాను, ఆ పాపం నీదే.

మీ పిడుగు


సెలూన్,
జూన్ 29

తల్లీ,

నాకు జ్వరం. ఎంతుందో చూద్దామంటే థర్మామీటరంటేనే భయం వేస్తోంది. కోలుకున్నాక రాస్తాను.

బాబాయి


సెలూన్,
జులై 8

తల్లీ,

జ్వరం లేదు, అబద్ధం. పది రోజులుగా నిద్ర పట్టలేదు, అది నిజం. పెద్దసారుకి ఇవాళ పోస్టు చేశాను. నకలు ఇది:

"తడి బల్బు గుడ్డకు గంజి పెట్టు అలవాటు నాకు కలదు. అందువల్ల ఇరవై తొమ్మిదేళ్ళు తేమ పన్నెండు శాతం ఎక్కువ నమోదైనది. గుడ్డ ఉతికినది నేనే. గంజి పెట్టినది నేనే. ఇస్త్రీ చేసినది నేనే. ఇందులో ఇంకెవ్వరి ప్రమేయమూ లేదు. మా అన్నగారి అమ్మాయి రాసిన లెక్క సరైనది."

ప్రశంసాపత్రం గోడ మీంచి తీసేశాను. మీ పిన్ని అడిగితే, మేకు వదులైంది అన్నాను. ఆవిడకి తెలియదు, తెలియకూడదు.

బాబాయి


మా ఇల్లు, వంటగది,
జులై 20

పిడుగూ,

నేను పిన్నిని. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, నేనే పోస్టు చేస్తున్నాను. సెలూన్ బేరాలు ఇక చెల్లవు.

మొన్న మీ బాబాయి వంటగదిలోకి వచ్చాడు. కాపురానికొచ్చి ముప్పై ఏళ్ళయింది, మంచినీళ్ళకి తప్ప ఆ గడప తొక్కలేదు. వచ్చి, ఏమోయ్, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను, గంజి ఎలా కాస్తారు, ఎన్ని చెంచాలు, ఎన్ని నీళ్ళు అన్నాడు. అంటున్నవాడు చేతిలో ఉత్తరమొకటి వెనక దాచుకుంటున్నాడు. లాక్కున్నాను. మీ పెద్దసారు రాసింది. "చొక్కా గుండీ ఊడితే కుట్టుకోలేక పిన్నుతో ఆఫీసుకొచ్చే మీరు గుడ్డ ఉతికి గంజి పెట్టారంటే నమ్మమంటారా? అమ్మాయిని కాపాడటానికి ఈ అబద్ధం ఎందుకు? నిజమే అయితే గంజి ఎంత చిక్కగా కాచేవారో ఇరవై ఐదులోగా రాయండి. లేకపోతే ఆ అమ్మాయిని పంపేస్తున్నాను."

కూర్చోబెట్టి అడిగితే మొత్తం కక్కేశాడు. ఏడుపొచ్చింది నాకు. తప్పు చేశానని కాదు. తెలియక చేశాను, ఒకరు చెబితే ఆ శనివారమే మానేసేదాన్ని. ఏడేళ్ళు! ఏడేళ్ళపాటు వారం వారం నేను మోకాళ్ళ నొప్పులతో ఇస్త్రీ చేసి ఇస్తుంటే, అది తప్పని తెలిసీ, భేష్ అని కట్టుకున్నాడే! చిన్నమాట తట్టుకోలేనిదాన్ని అనుకున్నాడా నన్ను?

దానికి తోడు ఈ కాగితమొకటి. "గంజి పెట్టినది నేనే" అట! ఎవరు? ఈయనా? నా పనికి మంచిపేరు వచ్చినన్నాళ్ళూ పత్రం మీద ఈయన పేరు. చెడ్డపేరు వచ్చిన రోజైనా నా పేరు రాయొద్దా? అదీ ఈయనకే కావాల్సొచ్చిందా?

మీ సారుకి నేనే రాశాను. ఈ కవర్లోనే పెడుతున్నాను, నువ్వు వెళ్ళి చేతికివ్వు. మా చెల్లెలింటికి ఏ తారీకున వెళ్ళానో, ఏ తారీకున వచ్చానో కూడా రాశాను, రిజిస్టరుతో పోల్చుకోమన్నాను. తప్పు నాది, పిల్ల లెక్క ఒప్పు, అంతే.

మీ బాబాయితో మాట్లాడటం లేదు. అన్నం పెడుతున్నాను.

మీ పిన్ని


వాతావరణ కేంద్రం క్వార్టర్,
జులై 29

పిన్నీ,

ఈ ఉత్తరం నీకే. బాబాయికి చదివి వినిపిస్తావో లేదో నీ దయ.

నీ కాగితం పట్టుకుని మూడు బస్సులు మారి పెద్దాఫీసుకి వెళ్ళాను. సారు చదివాడు. తారీకుల దగ్గరికి రాగానే బీరువాలోంచి ఒక రిజిస్టరు, తన పాత వ్యాసం తీసి పక్కపక్కన పెట్టుకున్నాడు. సరిగ్గా ఇరవై రోజులు. మొహం ఎర్రబడింది. గ్లాసుడు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. "అంటే నా పొడిగాలి..." అని, ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు పాపం. నేను గోడ గడియారం వంక చూస్తూ నిలబడ్డాను. నవ్వొస్తే కొంప మునుగుతుంది కదా.

తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళ రిజిస్టర్లు చెత్తబుట్టలో వెయ్యాల్సిందే అని గుమాస్తా అన్నాడు. సారు రిజిస్టరు తిరగేస్తూ, ఆగు, ఆవిడ గంజి ఎప్పుడూ ఒకేలా కాచి ఉంటే తప్పు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండి ఉంటుంది, అంత తీసేస్తే అసలు లెక్క మిగులుతుంది అన్నాడు. అది తేలాలంటే ఏడాదిపాటు రోజూ రెండు తడి బల్బులు పక్కపక్కన పెట్టి చదవాలట, ఒకదానికి ఉతికిన గుడ్డ, ఇంకోదానికి నీ గుడ్డ. ఎవరు చదువుతారు అన్నాడు గుమాస్తా. అరవై ఒకటిని అరవై ఒకటనే రాసిన మనిషి చదువుతుంది అన్నాడు సారు.

నన్ను ఖాయం చేశారు పిన్నీ! కాగితం చేతికిచ్చారు. మెట్ల మీద కూర్చుని బావురుమని ఏడ్చాను. నాన్నకి కూడా రాశాను, ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యమని.

ఇక మొత్తం నీ మీదే ఉంది. నీ గంజి మారేదా, ఎప్పుడైనా పలచనైందా, చిక్కబడిందా? ఉన్నదున్నట్టు రాయమన్నాడు సారు. మారి ఉంటే ఆ రిజిస్టర్లన్నీ వృథా, బాబాయి ఇరవై తొమ్మిదేళ్ళూ వృథా.

మీ పిడుగు


మా ఇల్లు,
ఆగస్టు 5

పిడుగూ,

చల్లగా ఉండు తల్లీ. ఉత్తరం చదివి వినిపించాను. ఆ చివరిమాట విని మీ బాబాయి మొహం మాడిపోయింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గదిలోంచి వచ్చి, నిజం చెప్పవే, ఎప్పుడైనా మార్చావా అని అడుగుతాడు, మళ్ళీ లోపలికి పోతాడు. పొద్దున్నే లేచి అడిగాడు. పళ్ళు తోముకుంటూ అడిగాడు. నేను మాట్లాడటం లేదుగా, అందుకని ఇందులో రాస్తున్నాను. రాసింది ఆయనే చదువుకుంటాడు.

మీ సారుకి చెప్పు. చదును చెంచాతో రెండు చెంచాల పొడి, చెంబుడు నీళ్ళు. పొంగు రాగానే దించేదాన్ని. వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక గుడ్డ ముంచి, పిండకుండా నీడన ఆరేసేదాన్ని. ఎండాకాలమైనా, ముసురైనా అంతే. నా పిల్లలు పుట్టినప్పుడు కూడా మంచం మీంచి చెప్పి పక్కింటావిడ చేత చేయించాను, చెంచా నేను చూశాకే వేసేది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క శనివారం తప్పలేదు, ఒక్క చెంచా మారలేదు. చెల్లెలింటికెళ్ళిన ఆ ఇరవై రోజులూ తప్ప. ఒట్టేసి చెబుతాను.

దీంతో మొదటి నెలకి సరిపడా నాలుగు గుడ్డలు పంపుతున్నాను. మీ బాబాయి పక్కన కూర్చుని పొడి కొలుస్తానన్నాడు. చెంచా ఇచ్చి చూశాను. శిఖరంలా తీశాడు. చెయ్యి మీద ఒకటేసి, చదును చెయ్యమన్నాను. చేశాడు. అంటే మాట్లాడినట్టేగా, సర్లే.

ఇంకొక్క మాట. ఈ గుడ్డలకి రసీదు పంపమను మీ సారుని. దాని మీద పంపినవారు అని నా పేరు రాయమను, ఫలానావారి భార్య అని కాదు. రిజిస్టర్లన్నీ సరిచేశాక మొదటి పేజీలో ఎవరి గంజి వల్ల తప్పు వచ్చిందో, ఎవరి గంజి మారకపోవడం వల్ల ఆ తప్పు దిద్దుకోగలిగారో రెండూ రాయాలి. రెండు చోట్లా పేరు ఒకటే, పూర్తిగా రాయమను, ఇంటిపేరుతో సహా.

మీ పిన్ని